కచేరీ అరుగు మీద తీసిన సర్వే

మా ముత్తాత జగన్నాథరాజు గారు ఉత్తర కోస్తాలో పదకొండు ఊళ్ల ఉప్పు కొఠార్లకు ఇజారాదారు, అంటే గుత్తదారు. మా తాత అప్పలనరసింహరాజు గారి నాటికి ఆ పదకొండూ నాలుగయ్యాయి. అయినా ఆయన ఉప్పు లెక్కలు చూసే కచేరీ అరుగు మీద కూర్చుని ఉంటే జిల్లా అధికారులు కూడా వీధి మొదట్లోనే బండి దిగి నడిచి వచ్చేవారు. మా నాన్నగారి చేతికి కొఠారుపేట అనే ఒక్క ఊళ్లో నూట పన్నెండు ఎకరాల ఉప్పు మళ్ళు, సముద్రానికి ఎదురుగా ఆ కచేరీ మాత్రమే వచ్చాయి. 2011లో నేను హైదరాబాద్ హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో, ఒక కన్సల్టెన్సీలో నెల జీతానికి పనిచేస్తున్నాను. మా వంశంలో జీతం పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ ఏడాది నేను చేసిన తప్పుకు ఈ వివరాలన్నిటితో సంబంధం ఉంది కాబట్టి ముందే రాస్తున్నాను.

నా వృత్తిని హెల్త్ ఎకనామిక్స్ అంటారు. మనిషి ఆరోగ్యానికీ, చుట్టూ ఉన్న నేలకూ నీటికీ ఉన్న సంబంధాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పడం మా పని. వినడానికి మోటుగా ఉంటుందని నాకు తెలుసు. కాని ఫ్యాక్టరీ కట్టేవాడికీ, దానికి అప్పిచ్చే బ్యాంకుకూ రూపాయల్లో చెప్పని విషయం చెవికెక్కదు. నేను చూసేది సముద్ర తీరాలు. హైదరాబాద్‌కు సముద్రం లేదు. తీరాల ఫైళ్లు మాత్రం ఇక్కడి ఏసీ గదుల్లోనే తేలేవి.

సముద్రం మనిషికి ఆరోగ్యాన్ని ఇస్తుంది, తీసుకుంటుంది కూడా. ఇచ్చేదాన్ని ఒక వరసలో, తీసుకునేదాన్ని ఒక వరసలో వేస్తాం. ఒక ఊరి ఆడవాళ్లు కాలువ సముద్రంలో కలిసే మొగలో గుల్లలు ఏరి వండుకుంటే, ఆ మాంసకృత్తులు కొనుక్కోవాలంటే ఎన్ని గుడ్లు, ఎంత పప్పు కావాలో లెక్క కట్టి లాభం వరసలో రాస్తాం. దీన్ని రిప్లేస్‌మెంట్ కాస్ట్ అంటాం. అదే నీళ్లలో నిలబడి ఒళ్లు పుండ్లు పడితే, పని మానుకున్న రోజుల కూలీ, మందుల ఖర్చు, ఆటో ఖర్చు కలిపి నష్టం వరసలో రాస్తాం. ఇది కాస్ట్ ఆఫ్ ఇల్‌నెస్. రెండో వరస పూర్తిగా సర్వే మీద ఆధారపడుతుంది. జనం నిజం చెబితేనే ఆ అంకెలకు అర్థం.

కొఠారుపేట ఫైలు ఆ సంవత్సరం మొదట్లో నా బల్ల మీదికి వచ్చింది. మా నాన్నగారు మళ్ళు అమ్మిన చోట ఒక రసాయనాల కంపెనీ వెలిసి అప్పటికి పదేళ్లు దాటింది. దాని వ్యర్థపు నీళ్లు ఒక గొట్టం ద్వారా సముద్రంలోకి పోతున్నాయి. కంపెనీ పెరుగుతోంది, రెండో గొట్టం వేయాలి. దాన్ని ఒడ్డుకు దగ్గరగా, కాలువ మొగ పక్కన వదిలేస్తే చవక. శుద్ధి చేసి, చాలా దూరం లోపలికి తీసుకెళ్లి వదిలితే ఖర్చు నాలుగింతలు. అప్పిచ్చే బ్యాంకు ఒక ప్రశ్న వేసింది: పొడవు గొట్టం వేస్తే ఆ ఊరి జనానికి తప్పే జబ్బుల విలువ ఎంత? పాత గొట్టం వల్ల ఇప్పటికే ఎంత జబ్బు ఉందో తేలితే జవాబు దొరుకుతుంది. ఇప్పుడున్న ఆ స్థితిని బేస్‌లైన్ అంటాం. జబ్బు ఎక్కువగా ఉంటే పొడవు గొట్టం. లేకపోతే పొట్టి గొట్టం. ఒక ఊరి ఆడవాళ్లు ఏ నీళ్లలో నిలబడాలో తేల్చే ఫైలు అది.

ఇలాంటి పనికి ముందు ప్రతి ఉద్యోగీ ఒక డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, ఆ చోట తనకు ఆస్తి గాని ప్రయోజనం గాని లేదని. నేను పెట్టాను. మళ్ళు పోయాయి కదా. కచేరీ నా పేరనే ఉంది. కాని పద్దెనిమిది సెంట్ల నేలలో పెంకులు రాలుతున్న ఆ కట్టడాన్ని ఆస్తి అనుకోవడం నాకు అలవాటు లేదు. అది మా మర్యాద అనుకునేవాణ్ణి. మర్యాదను ఏ గడిలో రాయాలో ఆ కాగితంలో లేదు.

సర్వేకు ఆ ఊరికి దగ్గరి పట్నం నుంచి నలుగురిని కుదిర్చాం. మూడు వందల పైచిలుకు ఇళ్లు తిరగాలి. మత్స్యకారులు తెల్లవారకముందే వేటకు పోతారు, ఆడవాళ్లు బుట్టలతో సంతలకు పోతారు, ఇంటింటికీ తిరిగితే సగం తలుపులు తాళాలే ఉంటాయని వాళ్లు ఫోన్‌లో మొరపెట్టుకున్నారు. నేను ఒక ఉపాయం చెప్పాను. కచేరీ తాళాలు సన్నాసి అనే ముసలాయన దగ్గర ఉన్నాయి. అరుగు తుడిపించి బల్లలు వేయించమన్నాను. కచేరీ దూలానికి మా ముత్తాత వేయించిన ఇత్తడి గంట ఉంది. దాన్ని మోగించమన్నాను.

గంట మోగిన గంటలోపల ఊరంతా వచ్చిందని సాయంత్రం సర్వే వాళ్లు చెప్పారు. ఒక్క ఇల్లు కూడా తప్పలేదు. పిలిస్తే నూటికి నూరుమంది రావడం మా వృత్తిలో ఎవరూ చూసి ఉండరు. ఆఫీసులో ఆ మాట నేను ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను. చిన్నప్పుడు సెలవుల్లో చూసిన దృశ్యమే నాకు గుర్తొచ్చింది. తాతగారు పడక కుర్చీలో కూర్చునేవారు. గంట మోగేది. మళ్ళలో పనికి పోయే జనం ఒక్కొక్కరే అరుగు ఎక్కి, చేతులు కట్టుకుని, "బాగున్నాం బాబూ" అని చెప్పి దిగిపోయేవారు. ప్రతి మనిషి ఒంటి సంగతీ కనుక్కున్న తర్వాతే పనిలోకి పంపే దొర ఈ జిల్లాలో మరొకరు లేరని మా అమ్మ చెప్పేది. నేను ఆ మాటను నమ్మి పెరిగాను.

అంకెలు చూసేది స్వరూప. ఆమెది ఖాజాగూడ. ఈ మేడలన్నీ లేవక ముందు నుంచీ ఉన్న ఊరివాళ్లు. మా విభాగంలో స్టాటిస్టీషియన్. ఆమె కంప్యూటర్ అంచుకు జై తెలంగాణ స్టిక్కర్ ఉండేది. ఆ రోజులు అలాంటివి. క్యాంటీన్‌లో ఎవరూ చెప్పకుండానే బల్లలు వేరయ్యాయి. బంద్ రోజున ఎవరు వస్తారు, ఎవరు రారు అన్న దాన్ని బట్టి మనుషులను లెక్కపెట్టుకునేవాళ్లం. నాతో ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. కాని "మీ ఆంధ్రోళ్లు" అన్న మాట లిఫ్టులో వినబడితే నా వెన్ను ఇంకొంచెం బిగుసుకునేది.

స్వరూప ఒక మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని వచ్చింది.

"సార్, మూడొందల ఇండ్లల్ల ఒక్కరికి గూడ జ్వరం రాలేదంట. దగ్గు లేదంట. పని మానిన రోజులు సున్న. గిట్ల ఎక్కడన్న ఉంటదా సార్?"

"సముద్రపు గాలి. కష్టం చేసే ఒళ్లు. అక్కడివాళ్లు గట్టివాళ్లు" అన్నాను.

"గట్టోళ్లే గావచ్చు. మనుషులే గద. మా అపార్ట్‌మెంట్ల అడిగినా నెలకు ఒకరన్న పడుకుంటరు." కాగితాలు తిరగేసి అడిగింది, "ఎక్కడ కూసోబెట్టి అడిగిన్రు సార్?"

"మా కచేరీలో."

"మీ కచేరీ అంటున్నరు. ఆ ముక్క డిక్లరేషన్ల రాసిన్రా?"

ఆమె గొంతులో ఎగతాళి లేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు నాకు ఎగతాళే వినిపించింది. మా కుటుంబాన్ని, మా ప్రాంతాన్ని, నన్ను ఒక్క దెబ్బకు అనడానికి ఆమెకు అవకాశం దొరికిందనుకున్నాను. మా ఊరి సంగతి నాకు తెలుసు, మీరు లెక్క చూడండి చాలు అని చెప్పాను. ఆమె కదలలేదు. వాళ్ల ఊరి చెరువు నీళ్లు తాగి బర్రెలు చచ్చినప్పుడు కూడా విచారణ జరిగిందని, పటేలు ఇంటి ముందట నిలబెట్టి అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదని వాళ్ల నాయన చెప్పేవాడని అంది. నేను తల ఎత్తకుండా ఫైలు తిరగేశాను. ఆమె వెళ్లిపోయింది.

రిపోర్టు నా సంతకంతో పోయింది. లాభం వరసలో కాలువ మొగలో దొరికే గుల్లలకు చాలా పెద్ద విలువ కట్టాను. అది ఆ అధ్యాయంలో నాకు ఎంతో నచ్చిన పట్టిక. నష్టం వరసలో సముద్ర సంబంధ అనారోగ్యం అన్న చోట సున్న. పొడవు గొట్టానికి పెట్టే అదనపు ఖర్చు సమర్థనీయం కాదు అన్నది చివరి వాక్యం.

ఎండాకాలంలో కొఠారుపేటలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఫ్యాక్టరీ పెంచే ముందు ఊళ్లో సభ పెట్టి రిపోర్టు చదివి వినిపించడం చట్టం. ఈ ఊళ్లో సముద్రం వల్ల ఎవరికీ జబ్బు లేదని, అది మీరే చెప్పారని మైకులో చదివారట. ఆ సంగతి నాకు సెప్టెంబరులో తెలిసింది.

ఆ సెప్టెంబరులో తెలంగాణ అంతటా సమ్మె. బస్సులు డిపోలు దాటడం లేదు. ఆఫీసులో పదిమందిమి కూడా లేము. పదకొండు గంటలకు కింద గేటు దగ్గర నుంచి స్వరూప ఫోన్ చేసింది. ఒకామె పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉందని, నా పేరు చెప్పలేక కొఠారు చినబాబు కావాలంటోందని, సెక్యూరిటీ వాళ్లు పొమ్మంటున్నా పోవడం లేదని చెప్పింది. నేను దిగేలోపలే తన పేరు రాసి పాస్ ఇప్పించి ఆమెను క్యాంటీన్‌లోకి తీసుకొచ్చింది.

ఆమె పేరు నూకాలమ్మ. నలభై ఏళ్లు ఉంటాయి. కొఠారుపేటలో గుల్లలు ఏరే మనిషి. తెల్లాపూర్‌లో విల్లాలు కడుతున్న చోట ఆమె తమ్ముడు తాపీ పని చేస్తున్నాడు. సన్నాసి దగ్గర మా ఆఫీసు పేరు రాయించుకుని, సమ్మె మొదలు కాకముందే అతని దగ్గరికి వచ్చింది. ఆ రోజు బస్సులు లేక, దారి అడుగుతూ తెల్లాపూర్ నుంచి నడిచి వచ్చింది. ఖాళీ క్యాంటీన్‌లో ముప్పై కుర్చీలున్నాయి. నేను కూర్చున్నాను. ఆమె నిలబడింది. నాకు అందులో ఏ వింతా తోచలేదు.

"కూసో అమ్మా, గంత దూరం నడిచొచ్చినవు" అని స్వరూప ఆమె భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. నీళ్లు ఇచ్చింది. గ్లాసు పట్టుకోవడానికి నూకాలమ్మ రెండు చేతులూ వాడింది. అప్పుడు ఆ చేతులు చూశాను. వేళ్ల మధ్య తోలు ఊడి ఎర్రగా ఉంది. గోళ్లు నల్లబడి ఉన్నాయి. మోచేతుల దాకా పొరలు పొరలుగా లేస్తోంది. తిమ్మిరి వల్ల గుల్ల పట్టుకున్నదీ లేనిదీ తెలియడం లేదని, కాలువ మొగలో దిగే ఆడవాళ్లందరికీ ఇలాగే ఉందని, గుల్లలు తిన్న రాత్రి పిల్లలకు పెదవులు మొద్దుబారుతున్నాయని నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. కంపెనీ వాళ్లను తిట్టలేదు. నా వైపు కూడా చూడలేదు. గ్లాసును చూస్తూ చెప్పింది.

"మరి సర్వే వాళ్లు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? ఒక్కళ్లు కూడా చెప్పలేదు" అన్నాను. అందులో కోపం ఉంది. నా రిపోర్టును వాళ్లు పాడుచేశారన్న కోపం.

అప్పుడు తలెత్తి చూసింది.

"ఆ అరుగు మీద నిలబెట్టి బాగున్నారా అనడిగితే ఏటి సెప్తాం బాబూ? తవరి తాతగోరి కాలంలో మా మామ ఒకపాలి ఒల్లు బాగోనేదని సెప్పినాడు. అంతే. కూలోళ్ల పట్టీలోంచి పేరు కొట్టీసినారు. ఆ యేడంతా మళ్ళలోకి రానియ్యనేదు. సేపల యేట సాగని నెలలవి, పడవలు ఒడ్డునే ఉన్నాయి. మా ఇంట్లో ఇద్దరు సిన్న గుంటలు తిండి నేక పోనారు."

"తాతగారు ఒంటి సంగతి కనుక్కునేవారు" అన్నాను. "పలకరించేవారు."

"పలకరింపేటి బాబూ. అది హాజరు."

స్వరూప నా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగింది.

"తవరు మళ్లీ గంట కొట్టించినారు గదా" అంది నూకాలమ్మ. "మాయత్త ఆరు నెలలయి మంచం మీదున్నాది. గంట ఇన్నాది, లెగిసి కూకున్నాది. పట్టీలో పేరు పోద్దే అని ఏడుపు. నానూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని అరుగు ఎక్కించినాం. బాగున్నాను బాబూ అన్నాది. తవరోడు బాగున్నాదనే రాసుకున్నాడు."

మంచం పట్టిన ఆ ముసలమ్మ నా పట్టికలో ఎక్కడుందో నాకు తెలుసు. అరవై దాటిన స్త్రీలు, పని మానుకున్న రోజులు, సున్న. మళ్ళు పోయి పదేళ్లు దాటినా, పట్టీ రాసే గుమాస్తా చనిపోయినా, వాళ్లకు ఆ గంటకు ఒకటే జవాబు తెలుసు. నాకు తెలియదు. ఆ జవాబు ఎవరి భయంతో తయారైందో వాళ్ల ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు, మా ఇంట్లో మాత్రం దాన్ని మా తాతగారి దయ అని చెప్పుకున్నాం.

ఆమె అడిగింది ఒక్కటే. డబ్బు అడగలేదు. మందు అడగలేదు.

"మళ్లీ అడగండి బాబూ. అరుగు మీద కాదు. తవరే రండి. మా ఇంట్లో కూకుని అడగండి. అప్పుడు సెప్తారు."

మా వంశంలో ఎవరూ ఆ పేటలో ఒక ఇంటి గడప దాటి కూర్చోలేదు. వస్తానని చెప్పాను. ఈసారి ఇంటింటికీ వచ్చి అడుగుతానని మాట ఇచ్చాను. స్వరూప తన స్కూటీ మీద ఆమెను తెల్లాపూర్‌లో దింపి వచ్చింది.

ఆ రోజే ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటి చిత్తులో అన్నీ రాశాను. సర్వే జరిగిన కట్టడం నా పేరనే ఉంది, నా డిక్లరేషన్ తప్పు, ఆ అరుగు మీద మా తాత జబ్బు చేసినవాళ్ల పేర్లు కొట్టేయించేవాడు, అక్కడ వచ్చిన ఏ జవాబునూ నమ్మడానికి వీల్లేదు. చదువుకున్నాను. మా తాత పేరు ఆ వాక్యంలో, ఒక బ్యాంకు ఫైలులో, ఎవరెవరి చేతుల మీదుగానో పోతుందనిపించింది. చింపేశాను. రెండో చిత్తులో తాతగారిని తీసేశాను. మూడో దాంట్లో కచేరీ నాదన్న మాట తీసేశాను. చివరికి మిగిలిన వాక్యం ఇది: సర్వే నిర్వహించిన ప్రదేశం కొన్ని జవాబులను ప్రభావితం చేసి ఉండవచ్చు.

మా డైరెక్టర్ చదివి, ఇలాంటివి ప్రతి సర్వేలోనూ ఉంటాయి కదా అన్నాడు. చివర అనుబంధంలో ఒక పాదసూచికగా చేర్పించాడు. బ్యాంకు వాళ్లు దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగేటంత బరువు ఆ వాక్యంలో నేనే ఉంచలేదు.

స్వరూప మాత్రం వదల్లేదు. "సార్, నేనే పోత. ఇండ్ల పొంటి తిరిగి అడుగుత. మీరు ఒక్క చిట్టీ రాసియ్యిండ్రి, సర్వే చెల్లదని. జర ఆలోచించుండ్రి" అంది. సమ్మె నడుస్తోంది, రైళ్లు ఎక్కడికక్కడ ఆపేస్తున్నారు, ఇది ముగిశాక చూద్దాం అన్నాను. సమ్మె ముగిసింది. తర్వాత రైల్ రోకోలు, బంద్‌లు, మళ్లీ మామూలు రోజులు, మళ్లీ బంద్‌లు. ఆ రెండేళ్లలో నేను ఇద్దరు చుట్టాల పెళ్లిళ్లకు ఆ దారినే రైల్లో వెళ్లి వచ్చాను. కొఠారుపేటకు పోకపోవడానికి ఉద్యమం నాకు సాకుగా పనికొచ్చింది. నిజానికి నన్ను ఆపింది ఆ ఇళ్ల గడప. అక్కడ చాప మీద కూర్చుని, మా తాత మీకు ఏం చేశాడో చెప్పండి అని అడగాలి. అది నా వల్ల కాలేదు. స్వరూప ఆ తర్వాత నన్ను ఏమీ అడగలేదు. వేరే విభాగానికి మార్పించుకుంది. వెళ్లే రోజున మాత్రం, "ఆమెకు మాటిచ్చిన్రు సార్, నా ముందటనే" అని ఒక్క మాట అంది.

2013లో పొట్టి గొట్టం వేశారు.

2014 జూన్‌లో, రెండు రాష్ట్రాలైన నెలలో, నేను కొఠారుపేట వెళ్లాను. ధైర్యం వచ్చి కాదు. కంపెనీ మూడో గొట్టానికి దరఖాస్తు చేసింది, కొత్త రిపోర్టు మరొక సంస్థకు వెళ్లింది. వాళ్లు పాత బేస్‌లైన్ పంపమని నాకు ఉత్తరం రాశారు. నా సున్నలను చూసి వాళ్లు లెక్క మొదలుపెడతారు. ఆ రాత్రే రైలెక్కాను.

కచేరీ దగ్గర ఆగలేదు. పేటలోకి నడిచాను. నూకాలమ్మ ఇల్లు అడిగితే, అడిగిన ప్రతివాడూ వేలు చూపించి ఊరుకున్నాడు. ఆమె భర్త అప్పన్న గుమ్మంలో వల అల్లుతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. చాప దులిపి వేశాడు.

"కూకోండి బాబూ."

కూర్చున్నాను. నూకాలమ్మ ఏదని అడిగాను. కిందటేడు వానలప్పుడు పోయిందని చెప్పాడు. కాలువ మొగలో గుల్లలు ఏరి తెచ్చింది. అందరికీ వండి పెట్టింది. ముందు తను రుచి చూడటం అలవాటు. పెదవులు మొద్దుబారాయంది, నాలుక లావెక్కిందంది. మిగతావాళ్లను తిననివ్వలేదు. గిన్నె పెరట్లో కుమ్మరించింది. పట్నం ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే సగం దారిలో ఊపిరి ఆడలేదు. అప్పన్న వల అల్లుతూనే ఇదంతా చెప్పాడు. వేళ్లు ఆగలేదు.

ఆమె చావుకు ఆ గొట్టమే కారణమని నేను రాయలేను. గుల్లల్లో విషం గొట్టాలు లేని తీరాల్లో కూడా పుడుతుంది, సముద్రంలో నాచు పెరిగే తీరును బట్టి. గొట్టం తర్వాత అది పెరిగిందని చెప్పాలంటే గొట్టానికి ముందు ఎంత ఉందో తెలియాలి. అంటే బేస్‌లైన్ కావాలి. ఆ బేస్‌లైన్ నా సంతకంతో ఉంది. అందులో ముందు కూడా సున్నే. కంపెనీ వకీలు ఎవరైనా సరే ఆ కాగితం చూపించి, ఈ ఊళ్లో మొన్నటిదాకా గుల్లలు మేలే చేశాయని, వాటి విలువ ఇంత అని నా పట్టికే చదువుతాడు. ఆమెను చంపిన కూర నా రిపోర్టులో లాభం వరసలో ఉంది.

ఆ చాప మీద అప్పన్నకు ఎదురుగా కూర్చున్నాను. మూడేళ్లు ఆలస్యంగా వచ్చాను, ఆమె పిలిచినట్టే ఇంటికి వచ్చాను అని చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"నువ్వు, పిల్లలు బాగున్నారా అప్పన్నా?"

వల పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"బాగున్నాం బాబూ" అన్నాడు.

అతని ముంజేతుల మీద కూడా పొరలు లేస్తున్నాయి.

హైదరాబాద్ వచ్చి నా పాత సర్వే చెల్లదని కొత్త సంస్థకు మూడు పేజీల ఉత్తరం రాశాను. ఈసారి తాతగారి పేరు, గంట, పట్టీ, నా డిక్లరేషన్ అన్నీ ఉన్నాయి. ఉత్తరం అందిందని జవాబు వచ్చింది. నా ఉద్యోగం పోయింది. అది న్యాయమే. మూడో గొట్టం సంగతి ఇంకా నడుస్తోంది, పొట్టి గొట్టం రోజూ పనిచేస్తోంది. ఇప్పుడు చిన్న సంస్థలకు సర్వేలు చేసిపెడుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు ప్రశ్నలు ఎలా రాయాలని అడుగుతారు. ప్రశ్న సంగతి తర్వాత, ముందు ఏ నేల మీద నిలబెట్టి అడుగుతున్నారో, అక్కడ వాళ్ల తాతలు ఎవరి ముందు నిలబడ్డారో కనుక్కోండి అంటాను. ఆ సంగతి నాకు చెప్పడానికి ఒక మనిషి తెల్లాపూర్ నుంచి నడిచి వచ్చింది. అంతకన్నా తేలిగ్గా నేర్చుకునే వీలు నాకు ముందే, స్వరూప నోటి నుంచి, దొరికింది.

మా నాన్నగారు ఉప్పు మళ్ళు నూట పన్నెండు ఎకరాలూ అమ్మారు; కచేరీని, గంటను అమ్మలేదు. అవి 2014 చివర నేను అమ్మాను. టేకు దూలాలు, పెంకులు ఒక కలప వ్యాపారి తీసుకున్నాడు. గంట ఇత్తడి ధరకు, తూకానికి పోయింది.